‘ద టీమ్ ఆర్’ అని రాస్తే తప్పెందుకవుతుంది?

మొన్న మా అక్క కూతురు తన ఇంగ్లిష్ జవాబు పత్రం తెచ్చి నా ముందు పెట్టింది. తొమ్మిదో తరగతి చదువుతోంది. ఓడిపోయిన ఒక జట్టు గురించి రాసిన పేరాలో ఒక మాట చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది. తను రాసిన వాక్యం ‘ద టీమ్ ఆర్ ఆర్గ్యూయింగ్ విత్ వన్ అనదర్.’ టీచర్ ‘ఆర్’ కొట్టేసి, పైన ‘ఈజ్’ అని రాసి, అర మార్కు తీసేశారు.

“పిన్నీ, క్రికెట్ కామెంటరీలో ‘ఇంగ్లండ్ ఆర్ బ్యాటింగ్’ అంటారు కదా. వాళ్ళు అంటే ఒప్పు, నేను రాస్తే తప్పా?” అని అడిగింది.

జవాబు చెప్పే ముందు, దిద్దిన వాక్యాన్ని ఒకసారి పైకి చదవమన్నాను. ‘ద టీమ్ ఈజ్ ఆర్గ్యూయింగ్ విత్ వన్ అనదర్’ అని చదివి ఆగిపోయింది. “టీమ్ ఒక్కటే అయితే ఒకళ్ళతో ఒకళ్ళు ఎలా వాదించుకుంటారు?” అంది. నేను చెప్పాల్సింది తనే చెప్పేసింది.

ఈ ఎర్ర సున్నా నాకు కొత్త కాదు. దాదాపు అదే వయసులో, భోజనాల బల్ల చుట్టూ ఎవరి దిగులు వాళ్ళు మోస్తూ కూర్చున్న ఒక కుటుంబం గురించి రాస్తూ ‘ద ఫ్యామిలీ వర్’ అన్నాను. ‘వర్’ చుట్టూ సున్నా పడింది. ఫ్యామిలీ ఏకవచనం, కాబట్టి ‘వాజ్’ రావాలి, అంతే అన్నారు. నేనూ అంతే అనుకున్నాను. తర్వాత ఆఫీసులో ఇంగ్లిష్ రిపోర్టులు దిద్దే పని నా చేతికి వచ్చాక కొన్నేళ్ళపాటు ఇతరుల వాక్యాల్లో కనిపించిన ప్రతి ‘కమిటీ ఆర్’నీ, ప్రతి ‘స్టాఫ్ వర్’నీ కొట్టేస్తూ పోయాను. వాటిలో చాలా వాక్యాలు నేను దిద్దకముందే బాగున్నాయని ఇప్పుడు తెలుసు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను. సమూహాన్ని చెప్పే నామవాచకం, అంటే కలెక్టివ్ నౌన్, పక్కన బహువచన క్రియ రావడం ఇంగ్లిష్‌లో తప్పు కాదు. అది ఒక అర్థం. ఆ క్రియని కొట్టేస్తే ఆ అర్థం కూడా పోతుంది.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటి చెప్తాను. ‘మై ఫ్యామిలీ ఈజ్ లార్జ్.’ ‘మై ఫ్యామిలీ ఆర్ లార్జ్.’ మొదటిదానికి అర్థం మాది పెద్ద కుటుంబం అని, ఇంట్లో చాలామంది ఉన్నారని. రెండోదానికి అర్థం మా ఇంట్లోవాళ్ళు ఒడ్డూపొడుగూ ఉన్న భారీ మనుషులని. ముగ్గురే ఉన్న ఇంటి గురించి కూడా బ్రిటన్‌లో ఒకరు ఆ రెండో మాట అనవచ్చు. మిగతా మాటలన్నీ అవే. మారింది ఒక్క క్రియ, దానితోపాటు వాక్యం చెప్పే విషయమే మారిపోయింది. ఇక ‘ఆర్’ ఎప్పుడూ తప్పే అనే రూల్ పెట్టుకుంటే ఈ రెండో వాక్యాన్ని ఎక్కడ దాచిపెడతాం?

నిజానికి తెలుగువాళ్ళకి ఈ విషయం వివరించాల్సిన పనే లేదు. మనం పుట్టి మాటలు నేర్చినప్పటి నుంచీ ఇదే చేస్తున్నాం. ‘జనం’ అనే మాట చూడండి. చివర ‘లు’ లేదు, రూపంలో అది ఏకవచనమే. అయినా ‘జనం వచ్చారు’ అంటాం, ‘జనం తోసుకుంటున్నారు’ అంటాం. ‘జనం తోసుకుంటోంది’ అని ఎవరైనా అంటే చిన్నపిల్లలు కూడా సరిచేస్తారు. అదే ‘సైన్యం’ అయితే ‘కదిలింది’ అంటాం, ‘కదిలారు’ అనం. ‘సభ వాయిదా పడింది’ అంటాం. అదే సభ గురించి మరో క్షణంలో ‘సభలో వాళ్ళంతా లేచి నిలబడ్డారు’ అంటాం. ‘ఆ కుటుంబం చితికిపోయింది’ అన్నప్పుడు ఆ కుటుంబం ఒక్కటిగా కనిపిస్తుంది. ‘కుటుంబమంతా భోజనాలకి కూర్చున్నారు’ అన్నప్పుడు మనుషులు కనిపిస్తారు. ఎవరూ నేర్పలేదు, ఎవరూ రూల్ చెప్పలేదు. లోపల ఏం కనిపిస్తోందో నోటికి అదే వస్తుంది.

ఇందులో ఇంకో సంగతి ఉంది. తెలుగులో ‘వచ్చింది’ నుంచి ‘వచ్చారు’కి మారడమంటే ఒకటి నుంచి అనేకానికి మారడం మాత్రమే కాదు, వస్తువు నుంచి మనుషులకి మారడం కూడా. ‘జట్టు గెలిచింది’ అన్నప్పుడు జట్టు ఒక వస్తువు. ‘జట్టంతా ఏడ్చేశారు’ అన్నప్పుడు అది పదకొండు మంది. ఇంగ్లిష్‌లో ఈ పని ‘విచ్’, ‘హూ’ అనే మాటలు చేస్తాయి. ‘ద కమిటీ విచ్ హ్యాజ్’ అంటే వ్యవస్థ. ‘ద కమిటీ హూ హ్యావ్’ అంటే అందులో కూర్చున్న మనుషులు. ‘విచ్’ పక్కన ఏకవచనం, ‘హూ’ పక్కన బహువచనం ఎందుకంత సహజంగా కుదురుతాయో తెలుగు తెలిసినవాళ్ళకి చటుక్కున అర్థమవుతుంది. పిల్లలకి కలెక్టివ్ నౌన్ చెప్పేటప్పుడు ‘జనం వచ్చారు’తో మొదలుపెడితే సగం పాఠం అక్కడే అయిపోతుంది. మనం మాత్రం ఆ తెలివిని తరగతి గది గుమ్మం బయటే వదిలేసి రమ్మంటున్నాం.

“అది తెలుగు, ఇంగ్లిష్‌కి దాని రూల్ దానికుంది” అనేవాళ్ళుంటారు. సరే, ఇంగ్లిష్ లోపలికే వెళ్దాం.

వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లిష్ రాతల్లోనే సైన్యం, జనం అనే అర్థమున్న మాటలతో వాక్యం ఏకవచనంలో మొదలై, సాగేకొద్దీ బహువచనంలోకి వెళ్ళడం కనిపిస్తుంది. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్లో, లూకా సువార్త మొదటి అధ్యాయం పదో వచనంలో, గుడి బయట ప్రార్థిస్తున్న జనసమూహానికి ‘వర్’ అనే క్రియే వాడారు. ‘ద హోల్ మల్టిట్యూడ్ ఆఫ్ ద పీపుల్ వర్ ప్రేయింగ్’ అని ఉంటుంది. ‘హోల్’ అని మొత్తాన్ని కలిపి చెప్పి కూడా ‘వర్’ అన్నారు. ప్రార్థించేది మనుషులు కదా.

బడి వ్యాకరణానికే వద్దాం, ఎందుకంటే ఎర్ర సిరా వచ్చేది అక్కడి నుంచే. లిండ్లీ మర్రే అనే ఆయన అమెరికాలో పుట్టి, ఇంగ్లండ్‌లోని యార్క్ దగ్గర స్థిరపడ్డాడు. 1795లో ఆయన రాసిన ఇంగ్లిష్ వ్యాకరణం అట్లాంటిక్‌కి రెండువైపులా బడుల్లో ఏళ్ళ తరబడి పాఠ్యపుస్తకం. రూల్స్ విషయంలో మెతకమనిషి కాదాయన. అలాంటి మర్రే కూడా, అనేకమందిని సూచించే నామవాచకం పక్కన క్రియ ఏకవచనంలోనైనా బహువచనంలోనైనా ఉండవచ్చని, అయితే ఆ మాట ఐక్యతని చెప్తోందా అనేకత్వాన్ని చెప్తోందా అన్నది చూసుకోవాలని రాశాడు. అంటే 200 ఏళ్ళకి పైగా బడి వ్యాకరణంలోని అసలు రూలే అర్థాన్ని చూడమంటోంది. మన వ్యాకరణ పుస్తకాల్లో కూడా ఆ రూల్ అలాగే ఉంది, తెరిచి చూడండి. ‘మొత్తంగా అనుకుంటే ఏకవచనం, విడివిడిగా అనుకుంటే బహువచనం’ అని. పుస్తకంలో ఉన్న రెండో సగం తరగతి గదిలోకి వచ్చేసరికి రాలిపోతోంది.

అమెరికా రాజ్యాంగం చూస్తే నాకు ఇప్పటికీ సంతోషం వేస్తుంది. 1787లో రాసిన ఆ పత్రంలో ‘షల్’ ఎక్కువ. ‘షల్’ పక్కన క్రియ వచనం బయటపడదు, కాబట్టి సర్వనామాల్ని చూడాలి. మొదటి అధికరణం రెండో సెక్షన్‌లో ప్రతినిధుల సభ తన స్పీకర్ని ఎన్నుకుంటుందని చెప్తూ ‘దెయిర్ స్పీకర్’ అన్నారు. అదే అధికరణం ఐదో సెక్షన్‌లో ప్రతి సభా తన కార్యకలాపాల్ని రాసి ఉంచాలని చెప్తూ ‘ఇట్స్ ప్రొసీడింగ్స్’ అన్నారు. పత్రం ఒకటే, సభా అదే. ఎన్నుకునేటప్పుడు ‘దెయిర్’, పద్దు రాసుకునేటప్పుడు ‘ఇట్స్’. ఎన్నుకోవడమంటే చేతులెత్తే మనుషులు గుర్తొస్తారు, రికార్డు ఉంచడమంటే సంస్థ గుర్తొస్తుంది. రాసినవాళ్ళు అంత ఆలోచించి రాశారని నేననను, ఆ రోజుల్లో ఇలాంటి విషయాల్లో ఇంత పట్టింపు లేదు. కానీ చదివేవాళ్ళకి ఎక్కడా తడబాటు కలగదు. ‘యునైటెడ్ స్టేట్స్’ అనే పేరు కూడా అంతే. దేశద్రోహం అంటే ఏమిటో చెప్పే చోట ఆ దేశాన్ని ‘దెమ్’ అన్నారు. బానిసత్వాన్ని రద్దు చేసిన 1865 నాటి పదమూడో సవరణలో కూడా ‘దెయిర్ జ్యూరిస్‌డిక్షన్’ అనే ఉంది. ఇప్పుడు అదే పేరు పక్కన ‘ఈజ్’ తప్ప ఇంకోటి ఊహించలేం. రాష్ట్రాల కలయిక కాస్తా ఒక్క దేశంగా జనం మనసులో గట్టిపడింది, వ్యాకరణం దాని వెనకే నడిచింది.

బ్రిటన్‌లో ఫౌలర్ అనే ఆయన 1926లో వాడుక మీద రాసిన నిఘంటువులో ఇంకా సున్నితమైన మాట చెప్పాడు. మంత్రివర్గం చీలిపోయింది అనేటప్పుడు ‘క్యాబినెట్ ఈజ్ డివైడెడ్’ మేలట, ఎందుకంటే చీలాలంటే ముందు ఒక్కటిగా ఉండాలి. మంత్రివర్గం ఒప్పుకుంది అనేటప్పుడు ‘క్యాబినెట్ ఆర్ అగ్రీడ్’ మేలట, ఎందుకంటే ఒప్పుకోవడానికి కనీసం ఇద్దరుండాలి. మొదటిసారి చదివినప్పుడు నేను చాలాసేపు ఆ పేజీ దగ్గరే ఉండిపోయాను. ఆయనతో పూర్తిగా ఏకీభవించను. చీలిపోయినవాళ్ళు ఎవరికి వాళ్ళు అభిప్రాయం చెప్తున్నారనుకుంటే ‘ఆర్ డివైడెడ్’ కూడా నాకు బాగానే వినిపిస్తుంది. కానీ ఆయన క్రియని ఎంచుకున్న పద్ధతి చూడండి. కర్త చివర ‘ఎస్’ ఉందా లేదా అని చూడలేదు. జరిగే పని ఎలాంటిదో చూశాడు.

మరి ఇవాళ పరిస్థితి? అమెరికాలో టీమ్, కమిటీ, గవర్నమెంట్, స్టాఫ్ దాదాపు ఎప్పుడూ ఏకవచనమే. అక్కడ ‘ద టీమ్ ఆర్’ అంటే చెవికి గుచ్చుకుంటుంది. విడివిడి మనుషుల్ని చెప్పాలంటే ‘మెంబర్స్ ఆఫ్ ద టీమ్’ అనో ‘ద ప్లేయర్స్’ అనో మార్చేసుకుంటారు. అయినా వాళ్ళు కూడా ‘ద టీమ్ హ్యాజ్’ అని మొదలుపెట్టి రెండో వాక్యంలో ‘దే’ అనేస్తారు. మయామీ హీట్, యూటా జాజ్ లాంటి జట్ల పేర్లలో ‘ఎస్’ లేకపోయినా ‘ద హీట్ ఆర్’ అనే మాట అమెరికన్ క్రీడావార్తల్లో మామూలే. అర్థం ఏదో ఒక సందులోంచి బయటికి వస్తూనే ఉంటుంది.

బ్రిటన్‌లో కూడా అంతా ‘ఆర్’ అనుకోవడం పొరపాటు. అక్కడి పత్రికల్లో ప్రభుత్వం, కంపెనీ, కమిటీ ఎక్కువగా ఏకవచనంలోనే కనిపిస్తాయి. క్రీడల పేజీకి వచ్చేసరికి మాత్రం జట్టు బహువచనం అవుతుంది. ‘ఇంగ్లండ్ ఆర్ బ్యాటింగ్’ అంటే ఆడుతున్న పదకొండు మంది. ‘ఇంగ్లండ్ ఈజ్ ఎ కంట్రీ’ అంటే పటం మీద ఉన్న దేశం. కోల్డ్‌ప్లే లాంటి బ్యాండ్ పేరు పక్కన బ్రిటిష్ పత్రిక ‘ఆర్’ అనీ, అమెరికన్ పత్రిక ‘ఈజ్’ అనీ రాస్తాయి. రెండూ మంచి ఇంగ్లిషే. మా అక్క కూతురు విన్న కామెంటరీ, చదివిన పాఠం రెండు వేర్వేరు అలవాట్ల నుంచి వచ్చాయి. ఆ ముక్క తనకి ఎవరూ చెప్పలేదు, అదీ నా బాధ.

ఇంతవరకూ చదివి, అయితే ఎక్కడైనా ‘ఆర్’ వేసుకోవచ్చన్నమాట అనుకోకండి. బహువచనం కుదరని చోట్లు ఖచ్చితంగా ఉన్నాయి. ‘ద కమిటీ కన్సిస్ట్స్ ఆఫ్ ఫైవ్ మెంబర్స్’ అనే చోట ‘కన్సిస్ట్’ అనడానికి వీల్లేదు, ఎందుకంటే ఐదుగురు సభ్యులున్నది కమిటీలో, ఒక్కో సభ్యుడిలో కాదు. కమిటీ ఏర్పడింది, రద్దయింది, పెద్దది, పాతది అనే మాటలన్నీ సంస్థకి చెందినవి, వాటికి ఏకవచనమే నప్పుతుంది. ‘దేర్’తో మొదలయ్యే వాక్యాల్లో బ్రిటన్‌వాళ్ళు కూడా ‘దేర్ ఈజ్ ఎ కమిటీ’ అనే అంటారు, ‘దేర్ ఆర్ ఎ కమిటీ’ అనరు. ‘దిస్ కమిటీ’ అనే అనాలి, పక్కన ‘ఆర్’ వచ్చినా సరే ‘దీజ్ కమిటీ’ కుదరదు. క్రియకి, సర్వనామానికి ఉన్న స్వేచ్ఛ నామవాచకానికి ముందొచ్చే ‘దిస్’కి లేదు.

అసలు తప్పు ఎక్కడుందో చెప్తాను. నేను దిద్దిన ఒక రిపోర్టులో ఈ వాక్యం వచ్చింది: ‘ద కమిటీ హ్యాజ్ కంప్లీటెడ్ ఇట్స్ రివ్యూ అండ్ హ్యావ్ సబ్మిటెడ్ దెయిర్ రిపోర్ట్.’ సమీక్ష చేసినప్పుడు ఒక్కటిగా ఉన్న కమిటీ, రిపోర్టు ఇచ్చేసరికి అనేకమంది అయిపోయింది. మధ్యలో అర్థం ఏమీ మారలేదు, రాసినవాళ్ళ చెయ్యి మాత్రమే మారింది. ఇక్కడ ఎర్ర సిరా న్యాయం. ‘హ్యాజ్, ఇట్స్’ అన్నా సరే, ‘హ్యావ్, దెయిర్’ అన్నా సరే, ఒక వాక్యంలో ఒక్కదానికే కట్టుబడాలి. టీచర్లు తమ శ్రద్ధంతా ఇక్కడ పెడితే పిల్లల ఇంగ్లిష్ నిజంగా బాగుపడుతుందని నా గట్టి నమ్మకం.

‘పోలీస్’ మాట దారి వేరు. అది ఇంగ్లిష్‌లో ఎప్పుడూ బహువచనమే, ‘ద పోలీస్ హ్యావ్ కమ్’ అనాలి. తెలుగులో ఒక్క మనిషిని కూడా ‘పోలీసు వచ్చాడు’ అంటాం కాబట్టి ‘ద పోలీస్ హ్యాజ్ కమ్’ అని మన చేతికి వచ్చేస్తుంది. ‘పీపుల్’, ‘క్యాటిల్’ కూడా ఈ బాపతే. వీటిలో ఎంచుకునేదేమీ లేదు.

ఎక్కువమంది తడబడేది ‘నంబర్’ దగ్గర. ‘ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఆర్ ఆబ్సెంట్’, ‘ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఈజ్ స్మాల్’. ఒకదాంట్లో ‘ఆర్’, ఇంకోదాంట్లో ‘ఈజ్’ ఎందుకని పిల్లలు బట్టీ పట్టి, పరీక్ష హాల్లో టెన్షన్‌తో మరిచిపోతుంటారు. తెలుగులోకి తెచ్చుకుంటే బట్టీ అక్కర్లేదు. మొదటిది ‘చాలామంది విద్యార్థులు రాలేదు.’ రాని వాళ్ళెవరు? విద్యార్థులు. రెండోది ‘విద్యార్థుల సంఖ్య తక్కువ.’ తక్కువైనది ఏమిటి? సంఖ్య. ‘ఎ నంబర్ ఆఫ్’ అంటే ‘చాలామంది’ అనే మాటకి ఇంకో రూపం. ‘ద నంబర్ ఆఫ్’ అంటే లెక్క. మా అక్క కూతురికి ఇది చెప్పినప్పుడు పెన్ను తీసుకుని జవాబు పత్రం వెనకాల తనే నాలుగు వాక్యాలు రాసుకుంది, నాలుగూ కరెక్టే.

పోటీ పరీక్షలు రాసేవాళ్ళకి మాత్రం నా సలహా వేరు. అక్కడ ఒక్క జవాబే ఒప్పు, దాన్ని ఎవరో ముందే నిర్ణయించి ఉంచారు. ‘కమిటీ’, ‘టీమ్’, ‘జ్యూరీ’ కనిపించగానే ముందు ఏకవచనం అనుకోండి. తర్వాత వాక్యం మిగతా భాగంలో ‘దెయిర్ ఒపీనియన్స్’, ‘దెమ్‌సెల్వ్స్’, ‘వన్ అనదర్’ లాంటి మాట ఉందేమో వెతకండి. ఉంటే బహువచనానికి మారండి. మంచి ప్రశ్న తయారుచేసినవాళ్ళు ఆ గుర్తు ఎక్కడో ఒకచోట వదులుతారు. ఇది అర్థం చూడడమే, కాకపోతే ఇక్కడ అర్థం మీది కాదు, ప్రశ్న రాసినవాళ్ళది.

ఆ లెక్కన చూసినా మా అక్క కూతురి వాక్యం ఒప్పే. ‘వన్ అనదర్’ అక్కడే ఉంది. టీచర్‌తో గొడవ పడమని నేను చెప్పలేదు. ఒక తరగతిలో అన్ని పేపర్లు ఒక్కరే దిద్దాల్సి వచ్చినప్పుడు సులువైన రూల్ పట్టుకోవడం ఎందుకు జరుగుతుందో నాకు తెలుసు, నేనూ చేశాను. కానీ దిద్దిన వాక్యాన్ని ఒకసారి టీచర్ ముందు పైకి చదివి, నాకు చెప్పిన మాటే మర్యాదగా చెప్పమన్నాను. సరే అంది.

కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటూ మళ్ళీ ఆగింది. “పిన్నీ, ఒక జంట విడిపోయారు అనాలంటే? ‘ద కపుల్ హ్యాజ్ సెపరేటెడ్’ అనాలా, ‘హ్యావ్’ అనాలా?”

ఫౌలర్ ఉంటే ‘హ్యాజ్’ అనేవాడేమో, విడిపోవాలంటే ముందు ఒక్కటిగా ఉండాలి కదా. అమెరికన్ పత్రికల్లో ‘హ్యాజ్’ కూడా కనిపిస్తుంది. నేను కాసేపు ఆలోచించి, “నువ్వు తెలుగులో ఏమన్నావో మళ్ళీ చెప్పు” అన్నాను.

“జంట విడిపోయారు.”

“అయితే ‘హ్యావ్’ రాయి” అన్నాను.